వానలు లేని దేశానికి వరద ఎలా వచ్చేది?

ప్రశ్న: చంద్రగిరి కొండల్లో పుట్టే మా స్వర్ణముఖి వాన పడితే పారుతుంది, లేకపోతే ఇసుక మేటలే మిగులుతాయి. వానలే లేని ఈజిప్టులో నైలు నది మండు వేసవిలో పొంగేదని చదివాను. అదెలా సాధ్యం? ఆ నది పుట్టుపూర్వోత్తరాలకూ ప్రాచీన ఈజిప్షియన్ల జీవనానికీ సంబంధం ఏమిటి?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: స్వర్ణముఖి పుట్టేదీ పారేదీ ఒకే వాన కింద కనుక ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేస్తే దానికి వేరే దిక్కు లేదు. నైలు వరద నీటిలో అధిక భాగం ఎక్కడో దక్షిణాన, ఇథియోపియా పీఠభూమిపై జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానలది. అది నీలి నైలు, అట్బారా నదుల గుండా దిగివచ్చి, ఈజిప్టులో ఎండలు నిప్పులు చెరిగే రోజుల్లోనే పొలాలను ముంచేది. ఆ పీఠభూమి దాదాపు 3 కోట్ల సంవత్సరాల కిందట పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావాతో ఏర్పడింది కాబట్టి, అక్కడి బసాల్టు శిల చివికి వచ్చే ఒండ్రు నల్లగా, సారవంతంగా ఉంటుంది. ఈజిప్షియన్లు తమ దేశాన్ని ‘కెమెట్’, అంటే నల్లనేల అనీ, చుట్టూ ఉన్న ఎడారిని ‘దెష్రెట్’, అంటే ఎర్రనేల అనీ పిలిచారు. సమాధులు ఎక్కువగా ఎర్రనేల అంచునే కనిపిస్తాయి. పండే నేలను పీనుగులకు ఇచ్చేంత విశాలమైన దేశం కాదది.

ఎందుకంత ఇరుకు? సుమారు 60 లక్షల సంవత్సరాల కిందట మధ్యధరా సముద్రానికి అట్లాంటిక్‌తో సంబంధం తెగిపోయి, నీరు ఆవిరై, మట్టం విపరీతంగా పడిపోయింది. కలవవలసిన సముద్రమే అంత కిందికి దిగడంతో అప్పటి నది తన అడుగును కోసుకుంటూ పోయి, నేటి కైరో ప్రాంతంలో దాదాపు 2,500 మీటర్ల లోతైన అగాధాన్ని తవ్వింది. సుమారు 53 లక్షల సంవత్సరాల కిందట సముద్రం తిరిగి నిండినప్పుడు ఉప్పునీరు ఆ లోయ వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎగబాకి దక్షిణ ఈజిప్టులోని అస్వాన్ దాకా వెళ్లింది. అక్కడ పెద్ద ఆనకట్ట కోసం బోర్లు వేసినప్పుడు, నది అడుగున చాలా లోతులో, సముద్రపు మట్టి బయటపడటంతోనే ఈ సంగతి తెలిసింది. తరువాత ఆ అగాధం ఒండ్రుతో పూడి, రెండు వైపులా కొండగట్లు, మధ్యలో కొద్ది కిలోమీటర్ల చదును మిగిలింది. దేశమంతా ఆ పట్టీలోనే, నదికి కూతవేటు దూరంలో బతికింది. వరద, నాట్లు, కోత అనే మూడు కాలాలుగా సంవత్సరాన్ని విభజించుకున్నదీ, ఎలిఫంటైన్ దీవిలో రాతి మెట్లపై గీతలు చెక్కి నీటిమట్టాన్ని కొలిచినదీ అందుకే: నీరు తక్కువైతే కరువు, మరీ ఎక్కువైతే గట్లూ ఇళ్లూ కొట్టుకుపోయేవి.

అస్వాన్ వద్ద మాత్రం నదికి గ్రానైటు అడ్డుపడింది. తిరుమల కొండల అడుగున ఉన్న గ్రానైటును చూసినవారికి ఆ రాయి మొండితనం వేరే చెప్పనక్కరలేదు. పడవలు సాఫీగా దాటలేని ఆ రాళ్ల వరుస దక్షిణాన సహజమైన సరిహద్దయింది, స్తంభాలకూ శిల్పాలకూ గనీ అయింది. అక్కడ సుమారు 42 మీటర్ల పొడవైన ఒక స్తంభం, మధ్యలో పగుళ్లు కనిపించడంతో, నేటికీ గనిలోనే పడుకుని ఉంది. దాని చుట్టూ తవ్విన కాలువల్లో గిన్నెల్లాంటి గుంటలు వరుసగా కనిపిస్తాయి. ఉలితో కాక, డోలరైటు అనే గట్టి శిల గుండ్లతో కొట్టికొట్టి నలిపిన జాడలవి.

తవ్విన రాయిని ఉత్తరానికి చేర్చడానికి ప్రవాహమే చాలు. ఎదురుగా తిరిగి రావడానికి ఉత్తరం నుంచి వీచే గాలి ఉంది. అందుకే వారి చిత్రలిపిలో ‘దక్షిణానికి వెళ్లు’ అనే మాటకు తెరచాప ఎత్తిన పడవనూ, ‘ఉత్తరానికి వెళ్లు’ అనే మాటకు తెరచాప దించిన పడవనూ గీశారు.