ఇంగితం అంటే కామన్ సెన్స్ కాదు

సందేహం: నేను డాలస్‌లో ఉంటాను. ఇక్కడి తెలుగు పత్రిక కోసం పోకర్ అనే పేకాట మీద వ్యాసం రాస్తున్నాను. చేతిలో మంచి ముక్కలు లేకపోయినా ఉన్నట్టు పందెం కాసి ఎదుటివాణ్ణి బెదరగొట్టే 'బ్లఫ్'కు 'బుకాయింపు' అని రాస్తే మిత్రుడొకరు తప్పన్నారు. ఆటగాడు తనకు తెలియకుండానే తన ముక్కల సంగతి బయటపెట్టే చిన్న చిన్న గుర్తులను ఇంగ్లీషులో 'టెల్' అంటారు. దానికి తెలుగు మాట ఉందా? ఎదుటివాణ్ణి 'చదవడం' అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుడి మాట నిజమే. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు రెండో ప్రశ్న, ఎందుకంటే మీరు వెతుకుతున్న మాట మన దగ్గరే ఉంది. మనమే దాన్ని పాడుచేసుకున్నాం. ఆ మాట ఇంగితం.

ఇవాళ "ఆ మాత్రం ఇంగితం లేదా?" అంటే "బుర్ర లేదా?" అని అర్థం. టీవీ చర్చల్లోనూ పత్రికల్లోనూ 'ఇంగితజ్ఞానం' కామన్ సెన్స్‌కు అనువాదమై కూర్చుంది. దానికి లోకజ్ఞానం అనే మాట ఉండగా ఇంగితాన్ని అక్కడికి ఎందుకు లాక్కెళ్లాలి? ఇంగితజ్ఞుడంటే తెలివైనవాడని కాదు, ఎదుటివాడి ఇంగితం తెలిసినవాడని. ఒక మంచి మాటను ఇలా అరగదీసి, తీరా దాని అవసరం పడ్డప్పుడు తెలుగులో మాట లేదనుకుంటున్నాం. నాకు బాధ కలిగించేది అదే.

ఈ మాటకు మూలం 'కదలడం' అనే అర్థమున్న సంస్కృత ధాతువు. గీత ఆరో అధ్యాయంలో యోగి మనసును గాలి లేని చోట ఉన్న దీపంతో పోల్చి 'నేంగతే' అన్నారు. అంటే కదలదు, రెపరెపలాడదు. ఆ 'ఇంగతే', మన ఇంగితం ఒకే ధాతువు బిడ్డలు. లోపల ఎక్కడో గాలి వీస్తే పైన కనిపించే రెపరెప ఇంగితం. ముక్కలు ఎత్తి చూసుకున్న క్షణంలో వేలి కొస అదరడం, గొంతు కొంచెం మారడం, చూపు ఒక్కసారి డబ్బు కుప్ప మీదికి పోయి రావడం ఇలాంటివే.

అయితే ధాతువు దగ్గరే ఆగిపోతే పేకాటకు చాలదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజు ఆలోచనలు బయటికి పొక్కకూడదని చెబుతాడు. చిలకలూ గోరువంకలూ కూడా రహస్యం బయటపెట్టాయని విన్నామంటాడు. అక్కడే ఇంగితమంటే ఏమిటో రెండు మాటల్లో తేల్చేశాడు: 'ఇంగితమ్ అన్యథావృత్తిః'. మామూలుగా ఉండే తీరుకు వేరుగా ఉండడమే ఇంగితం. కదలిక అనలేదు, వేరుగా ఉండడం అన్నాడు.

ఈ తేడా నాకు మా మేనమామ వల్ల తెలిసింది. సంక్రాంతికి వాళ్ల అరుగు మీద మూడుముక్కలాట ఆడేవాళ్లు. మావయ్య నోట్లో వక్క ఎప్పుడూ ఆడుతూనే ఉండేది. మంచి ముక్కలు పడితే మాత్రం దవడ ఆగిపోయేది. ఆయనకు ఆ సంగతి తెలియదు. వెనక కూర్చుని బియ్యం ఏరుతున్న అత్తయ్య నా చెవిలో, "వక్క ఆగిందిరా, ఇక చూడు" అనేది. ధాతువును బట్టి చూస్తే కదలిక ఇంగితం. మావయ్య విషయంలో కదలిక ఆగడమే ఇంగితమైంది. కౌటిల్యుడి నిర్వచనానికి రెండూ లొంగుతాయి. ఇవాళ అనుభవమున్న పోకర్ ఆటగాళ్లు చెప్పేదీ ఇదే. చెయ్యి వణికిందా లేదా అన్నది కాదు, ఆ మనిషి మామూలుగా ఎలా కూర్చుంటాడో ముందు చూసి పెట్టుకోవాలి.

కాబట్టి 'టెల్'కు ధైర్యంగా ఇంగితం అని రాయండి. 'చదవడం' తప్పనను, మొహం చదవడం వాడుకలోకి వచ్చేసింది. నాకైతే 'పసిగట్టడం' ఇష్టం. పసి అంటే వాసన. కుక్క వాసన పట్టినట్టు పట్టేయడం అందులో ఉంది. ఇక ఇంగితం కనిపించకుండా మొహం బిగబట్టుకోవడానికి పాత మాట 'అవహిత్థ'. 'అవహిత్థాకారగుప్తిః' అని అమరకోశం, అంటే లోపలి భావం పైకి కనిపించకుండా దాచుకోవడం. తండ్రి పక్కన తన పెళ్లి మాట నడుస్తుంటే కాళిదాసు పార్వతి తల వంచుకుని చేతిలోని తామర రేకులు లెక్కపెడుతుంది చూడండి, అది. పత్రికలో వాడితే ఒక వాక్యం వివరణ ఇవ్వాల్సి వస్తుంది. ఇస్తే నష్టమేమీ లేదు.

ఇప్పుడు బ్లఫ్. బుకాయించడానికి నోరు కావాలి, ముందు ఒక నింద ఉండాలి. చేసింది చేయలేదని గట్టిగా దబాయించడం బుకాయింపు. పోకర్‌లో అబద్ధమాడేది నోరు కాదు, పందెం. 2003లో లాస్ వేగస్‌లో జరిగిన ప్రపంచ పోటీ ఆఖరి పోరునే తీసుకోండి. టెనెసీకి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఒక ఏడు. కలర్ కుదరలేదు, సీక్వెన్సూ కుదరలేదు. ఒక్క జత కూడా లేదు. అయినా ఉన్నదంతా ముందుకు తోసేసి, నల్లద్దాల వెనక బిగుసుకుని కూర్చున్నాడు. ఎదురుగా శామ్ ఫర్హా దగ్గర తొమ్మిదుల జత ఉంది, గెలిచే చెయ్యి. చాలాసేపు చూసి, ఓటమి ఒప్పుకుని ముక్కలు పడేశాడు. ఇందులో బుకాయింపు ఎక్కడుంది?

దీనికి మనకున్నది మేకపోతు గాంభీర్యం. మంద తప్పిన ముసలి మేకపోతు గుహలో దూరితే సింహం వస్తుంది. మేకపోతు బెదరకుండా గడ్డం ఊపుతూ, ఇన్ని పులులనూ ఏనుగులనూ సింహాలనూ తినేదాకా గడ్డం తీయనని మొక్కుకున్నానంటుంది. సింహం పారిపోతుంది. నక్క నచ్చచెప్పి దాన్ని వెనక్కి తీసుకొస్తే, మేకపోతు పందెం ఇంకా పెంచింది: "పది సింహాలు తెమ్మంటే ఒక్కదాన్నే తెచ్చావా?" సింహం మళ్లీ పరుగు. గణితవేత్త జాన్ వాన్ న్యూమన్ పోకర్‌ను లెక్క కట్టి, బ్లఫ్‌కు తగినవి మధ్యరకం ముక్కలు కావు, అన్నిటికన్నా అధమమైనవే అని తేల్చాడు. కొమ్ములు అరిగిన మేకపోతు చేతిలో ఉన్నవి అలాంటి ముక్కలే.

చిక్కు ఒక్కటే. ఇప్పుడు ఈ జాతీయాన్ని పట్టుబడిపోయిన డాంబికానికే వాడుతున్నారు, కథలో మేకపోతు గెలిచిందన్నది మరిచిపోయి. పైగా దీన్ని క్రియగా వాడడం కష్టం. 'మేకపోతు గాంభీర్యం నటించాడు' అనవచ్చు గానీ, ప్రతి వాక్యంలోనూ అంటే బరువు. అందుకని శీర్షికలోనూ మొదటి వివరణలోనూ జాతీయం వాడి, ఆట నడిచే వాక్యాల్లో 'బ్లఫ్ చేశాడు' అని ఉంచినా నేను తప్పుపట్టను. బుకాయింపును మాత్రం, ముక్కలు తిప్పి చూపించాక కూడా ఓడిపోలేదని తగువు పెట్టుకునేవాడి కోసం అట్టే పెట్టండి.