పెరటి గోడ పెచ్చులూడుతోంది, ఏం చెయ్యను?

ప్రశ్న: మాది బరంపురం దగ్గర గోపాల్‌పూర్. పెరటి ప్రహరీకి లోపలివైపు మోకాలెత్తు వరకు పూత పెచ్చులుగా ఊడిపోతోంది. లోపల పాత ఇటుకలు, మధ్యలో సున్నం కనిపిస్తున్నాయి. 2013లో పైలిన్ తుపాను తర్వాత సిమెంటు పూత వేయించాం, అదే ఊడుతోంది. ఈసారి నేనే చేద్దామనుకుంటున్నాను. మావారేమో సిమెంటు పాలు పెంచి గట్టిగా పూసేయమంటున్నారు. మేస్త్రీ గారూ, మీరేమంటారు?

జవాబు: అమ్మా, సిమెంటు మాత్రం పెంచొద్దు. పర్లాకిమిడిలో పాత సున్నం గోడల మీదే నేను తాపీ పట్టడం నేర్చుకున్నాను. అలాంటి గోడ నేలలోని చెమ్మను పీల్చి, మళ్ళీ గాలికి వదిలేస్తుంది. దానిమీద గట్టి సిమెంటు పూస్తే చెమ్మ బయటికి రాలేదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఉప్పు సరేసరి. అది పూత వెనకాల పేరుకుని, గడ్డకట్టి, పూతను బయటికి తోసేస్తుంది.

లోపలివైపే, అదీ మోకాలెత్తు వరకే అన్నారు కదా, నా అనుమానమంతా మీ పూలమొక్కల మీద. గోడకు ఆనించి మట్టి పోసుంటే ముందు దాన్ని జానెడు దూరం లాగెయ్యండి. మట్టి ఎప్పుడూ పూత కింది అంచుకన్నా దిగువనే ఉండాలి. గోడ నెత్తిమీద పగుళ్ళుంటే వాననీళ్ళు అక్కణ్ణించీ దిగుతాయి, వాటినీ పూడ్చండి. ఈ రెండూ చెయ్యకుండా ఎంత మంచి పూత వేసినా డబ్బు దండగే.

పని కార్తీకం వెళ్ళాక పెట్టుకోండి. చిన్న సుత్తితో గోడంతా మెల్లగా తట్టండి. గట్టి చోట ఖంగుమంటుంది, వదిలేసిన చోట డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిందంతా, పైకి బాగానే కనిపించినా సరే, ఉలితో తీసెయ్యాలి. ఇక్కడ జాలిపడకండి. ఇటుకల సందుల్లో వదులైన సున్నాన్ని అరంగుళం లోతు వరకు గీకి, తెల్లగా తేలిన ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపండి. నీళ్ళతో కడిగితే ఆ ఉప్పు మళ్ళీ ఇటుకలోకే పోతుంది.

ఇసుక దగ్గరుంది కదా అని సముద్రపొడ్డు నుంచి తేవద్దు. ఏటి ఇసుక తెప్పించి, గాజుసీసాలో నాలుగంగుళాలు పోసి, నీళ్ళు కలిపి బాగా కుదిపి వదిలెయ్యండి. తేరుకున్నాక పైన మన్ను పావంగుళం దాటితే ఇసుక కడగాల్సిందే.

మాలుకు సిమెంటు ఒక పాలు, బస్తాల్లో దొరికే పొడి సున్నం ఒక పాలు, ఇసుక ఆరు పాళ్ళు. కొలతకు ఒకే డబ్బా వాడండి. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదమమ్మా, కళ్ళద్దాలు, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. గంటలో వాడగలిగినంతే కలపండి. బిగుసుకున్న మాలులో మళ్ళీ నీళ్ళు పోసి కలిపితే అది పట్టు ఇవ్వదు.

ముందురోజు సాయంత్రం గోడను బాగా తడపండి. మర్నాటికి ఇటుక చెమ్మగా ఉండాలి గానీ నీళ్ళు కారకూడదు. మొదటి పూత అరంగుళం మందాన కొట్టి, కాస్త బిగిశాక మేకుతో అడ్డదిడ్డంగా గీతలు పెట్టండి. రెండో పూత మర్నాడు, పల్చగా, పాత పూతకు సమంగా. చెక్కతో గుండ్రంగా రుద్దితే చాలు, అద్దంలా నున్నగా చెయ్యాలని చూడొద్దు.

తర్వాత వారం రోజులు గోనెసంచులు కప్పి తడుపుతూ ఉండండి. చాలామంది రెండ్రోజులకే మానేసి, పూత బీటలిచ్చిందని సిమెంటును తిడతారు. రంగుకు నెల్లాళ్ళు ఆగి, ప్లాస్టిక్ పెయింటు జోలికి పోకుండా సున్నమే కొట్టండి.

పూత తీసినప్పుడు ఇటుకల్ని చీల్చుకుంటూ వేలు దూరేంత పగులు కనిపించినా, గోడ ఒకపక్కకు ఒరిగినట్టున్నా అక్కడితో ఆపి మేస్త్రీని పిలవండి. ఆ పని ఒంటరిగా చేసేది కాదు.