జిమ్‌కు వెళ్లేవారికి రోజుకు 150 గ్రాముల ప్రొటీన్ కావాలా?

ప్రశ్న: నా వయసు 27, బరువు 68 కిలోలు. విజయవాడ పటమటలో ఉంటాను. కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. నాలుగు నెలలుగా వారానికి ఐదు రోజులు జిమ్‌లో బరువులు ఎత్తుతున్నాను. ఉదయం ఇడ్లీ, రెండు పూటలా అన్నం, పప్పు లేదా కూర, పెరుగు, ఆదివారం చికెన్. ఇదీ నా తిండి. రోజుకు 150 గ్రాముల ప్రొటీన్ లేనిదే కండ పట్టదని, రెండు స్కూపుల పౌడర్, పది గుడ్ల తెల్లసొన తప్పనిసరని మా కోచ్ అంటున్నారు. అంత తింటే వేడి చేస్తుందని, కిడ్నీలు పోతాయని అమ్మ భయపడుతోంది. నాన్నకు పదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. నీరసం తగ్గుతుందని ఆయన కూడా నా డబ్బాలోంచే రోజూ ఒక స్కూపు పాలలో కలుపుకుంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు మీ నాన్నగారి స్కూపు ఈరోజు నుంచే ఆపించండి. ఎందుకో తర్వాత చెబుతాను. ఇక మీ లెక్క చూద్దాం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. అంటే మీకు 56 గ్రాములు. సాయంత్రం కృష్ణ ఒడ్డున అరగంట నడిచి వచ్చేవారికీ ఇదే లెక్క. బరువులు ఎత్తేవారికి ఇంకొంత కావాలన్నది నిజమే. 49 అధ్యయనాలను కలిపి చేసిన ఒక విశ్లేషణ 2018లో వెలువడింది. కిలోకు 1.6 గ్రాములు దాటాక ఎంత తిన్నా కండ అదనంగా పెరగడం దాదాపు కనిపించలేదని అందులో తేలింది. కాబట్టి 1.2 నుంచి 1.6 మధ్య, అంటే 82 నుంచి 109 గ్రాములు మీకు సరిపోతాయి. కోచ్ చెప్పిన 150 అంటే కిలోకు 2.2. పౌండు బరువుకు ఒక గ్రాము అనే అమెరికా జిమ్‌ల లెక్కను కిలోల్లోకి మారిస్తే వచ్చే అంకె ఇదే. పోటీలకు దిగేవారు తిండి బాగా తగ్గించి కొవ్వు కరిగించేటప్పుడు అంత పెట్టుకుంటే అర్థముంది. మీకు అవసరం లేదు.

అయితే కోచ్ మాటలో నిజం లేకపోలేదు. మీరు రాసిన తిండిని లెక్కవేస్తే 50 గ్రాముల దగ్గరే ఆగుతుంది. నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ కలిపి 10, 12 గ్రాములు. మధ్యాహ్నం భోజనంలో 20 పైచిలుకు, అందులోనూ సగం అన్నం నుంచే. రాత్రి 15. మన భోజనంలో పప్పు పేరుకే ఉంటుంది. గిన్నెలో గరిటె తిప్పితే అడుగున నాలుగు బద్దలు తగిలే పప్పుచారును పప్పు కింద లెక్కేయకండి. మనిషికి గుప్పెడు, అంటే 50 గ్రాముల కందిపప్పు పడితే 11 గ్రాములు వస్తాయి. దాన్ని అన్నంతో కలిపి తినడం మన పెద్దల తెలివి. ప్రొటీన్ అమైనో ఆమ్లాలు అనే ముక్కలతో తయారవుతుంది. వాటిలో బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో దండిగా ఉంటుంది, పప్పులో కొరవడే మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది.

వారంలో నాలుగు రోజులు ఇడ్లీ బదులు పెసరట్టు వేయించుకోండి. 75 గ్రాముల పెసలతో మూడు అట్లు, 18 గ్రాముల ప్రొటీన్. పక్కన రెండు ఉడికించిన గుడ్లు, మరో 12. పచ్చసొన తీసి పారేయకండి, గుడ్డులోని ప్రొటీన్‌లో నలభై శాతానికి పైగా అందులోనే ఉంది. మధ్యాహ్నం ముద్దపప్పు, గడ్డపెరుగు. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు. రాత్రి వంద గ్రాముల చేప గానీ చికెన్ గానీ. మాంసం తినని రోజున 30 గ్రాముల మీల్ మేకర్ కూరలో వేస్తే 15 గ్రాములు వస్తాయి. మొత్తం 90 దాటుతుంది. ఆదివారం ఒక్కరోజే అరకిలో చికెన్ లాగించి మిగతా ఆరు రోజులూ చారన్నంతో సరిపెట్టడం కన్నా, పూటకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పడటమే కండకు మంచిది.

పౌడర్ విషమేమీ కాదు. పాలు విరిగినప్పుడు మిగిలే తేటలోని ప్రొటీన్‌ను ఆరబెడితే అదే వే ప్రొటీన్. ప్రయాణాల్లో, భోజనం కుదరని రోజుల్లో ఒక స్కూపు తీసుకుంటే తప్పులేదు. కానీ జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో వీటిని మానుకోమనే చెప్పింది, నా మొగ్గూ అటే. కొందరు కుర్రవాళ్లు క్లినిక్‌కు డబ్బాలు తెచ్చి చూపిస్తుంటారు. ముందు స్కూపు పక్కనున్న అంకె చదవండి. 33 గ్రాముల స్కూపులో 24 గ్రాముల ప్రొటీన్ ఉంటే సరే. కొన్ని ‘మాస్ గెయినర్’లలో సగానికి పైగా పిండిపదార్థమే. పరీక్షలో నైట్రోజన్‌ను బట్టి ప్రొటీన్ లెక్కించే పద్ధతి ఉంది కాబట్టి, గ్లైసిన్ లాంటి చవక అమైనో ఆమ్లాలు కలిపి అంకె పెంచేవారూ ఉన్నారు. లేబుల్ మీద వాటి పేర్లు విడిగా కనిపిస్తే ఆ డబ్బా కొనకండి.

గుడ్డు వేడి చేస్తుందన్న దానికి వైద్యంలో ఆధారం లేదు. ఆకుకూరలు, నీళ్లు తగ్గించి గుడ్ల మీదే పడితే మలబద్ధకం వస్తుంది, దాన్నే చాలామంది వేడి అంటారు. కిడ్నీల గురించి అమ్మ భయాన్ని మాత్రం కొట్టిపారేయను. కిడ్నీ జబ్బులతో అల్లాడుతున్న మన ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాలను చూసినవారెవరైనా అలాగే భయపడతారు. అక్కడ అనుమానం తాగునీటి మీద ఉంది, ప్రొటీన్ మీద కాదు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలను నేను చెప్పిన మోతాదు పాడుచేస్తుందని రుజువు లేదు. అవి ఆరోగ్యంగా ఉన్నాయో లేదో మాత్రం తెలియాలి. ఒకసారి బీపీ, రక్తంలో క్రియాటినిన్ (కండ నుంచి వచ్చే, కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం), మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీలు దెబ్బతింటే బయటకు పోయే ప్రొటీన్) చూపించుకోండి. పరీక్షకు ముందు రెండు రోజులు బరువులు ఎత్తకండి, ముందు రాత్రి మాంసం తినకండి. లేకుంటే క్రియాటినిన్ కొంచెం ఎక్కువ కనిపించి అనవసరంగా కంగారు పడతారు.

నాన్నగారి సంగతి వేరు. పదేళ్ల షుగర్ చప్పుడు చేయకుండా కిడ్నీలను దెబ్బతీసి ఉండవచ్చు. అలా జరిగి ఉంటే తిండిలోని ప్రొటీన్‌ను కూడా కిలోకు 0.8 గ్రాముల దగ్గర ఉంచమంటాం, పైన స్కూపు ఎక్కడిది? ఆయనకూ ఈ పరీక్షలే చేయించి, ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె, ఎంతో రాయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గడం మామూలే, నీరసానికి అదీ కారణం కావచ్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్‌తో పాటు బి12 కూడా చూపించండి. రిపోర్టులతో ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ తాగిన పౌడర్ డబ్బాను కూడా తీసుకెళ్లండి.