అల్లుడి కారు, మావయ్య లెక్క

పర్లాకిమిడి, ఒడిశా

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కారు కొంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. డీజిలు బండే తీసుకోమని మీ మావగారు పట్టుబడుతున్నారట. నన్నడిగితే నేనూ అదే అంటానని నీ ధైర్యం. ఇరవై రెండేళ్లు కాశీనగర్ లైన్లో డీజిలు జీపు తిప్పినవాణ్ణి మరి. కానీ ఆ ధైర్యంతోనే నేను దెబ్బతిన్నాను. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని కాగితం మీద పెడుతున్నాను.

ముందు నీ తిరుగుడెంతో చూడు. గుణుపూర్‌లో ఇంటి నుంచి బడికి రానూ పోనూ పదహారు కిలోమీటర్లు. నెలకోసారి ఇక్కడికి, పండక్కి శ్రీకాకుళం అత్తారింటికి. ఎంత లాగినా నెలకి 800 దాటదు.

నువ్వు చూసిన మోడల్లో డీజిలుది లక్షన్నర ఎక్కువన్నావు. మన రోడ్ల మీద పెట్రోలుది లీటరుకి 15, డీజిలుది 20 ఇస్తాయనుకో. కంపెనీ కాగితంలో అంకె నమ్మకు. పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాలు కలుపుతున్నారు, దాంతో మైలేజీ ఇంకాస్త తగ్గుతుంది కూడా. లెక్క కోసం పెట్రోలు 102, డీజిలు 94 వేసుకుంటే కిలోమీటరుకి దానికి 6.80, దీనికి 4.70. మిగిలేది 2 రూపాయల 10 పైసలు. లక్షన్నర తిరిగి రావాలంటే 71 వేల కిలోమీటర్లు తొక్కాలి. నీ తిరుగుడుకి ఏడేళ్లు దాటిపోతుంది. ఆ లక్షన్నరా అప్పు సొమ్మే కదా. 9 శాతం మీద ఐదేళ్లకి వడ్డీయే 36 వేల పైమాట. అదీ కలిపితే తొమ్మిదేళ్లు. సర్వీసింగు తేడా నేనింకా పట్టనే లేదు.

మీ మావగారిది తప్పు లెక్క కాదు, ఆంధ్రా లెక్క. ఆ వైపు పన్ను ఎక్కువ, అందులోనూ పెట్రోలు మీద. పాతపట్నం బళ్లు మన ఊరి బంకుల్లో ట్యాంకు నింపుకుపోవడం నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అక్కడ పెట్రోలుకీ డీజిలుకీ పన్నెండు రూపాయల దాకా తేడా, ఇక్కడ ఎనిమిదో తొమ్మిదో. ఆ కాస్త తేడాకే లక్షన్నర రాబట్టడానికి నువ్వు ఆయనకంటే తొమ్మిది వేల కిలోమీటర్లు ఎక్కువ తిరగాలి. ఆయన శ్రీకాకుళంలో కూర్చుని చెబుతున్నారు, నువ్వు బండి నింపేది గుణుపూర్‌లో.

డీజిలంటే చవక అన్న మాట మా రోజుల్లోది. 2010లో పెట్రోలు ధరని మార్కెట్టుకి వదిలేసిన సర్కారు, డీజిలుని మాత్రం 2014 అక్టోబరు దాకా పట్టి ఉంచింది. ఆ నాలుగేళ్లూ జీపువాళ్లం రాజాల్లా బతికాం. ఆ తర్వాత 2018 అక్టోబరులో మన ఒడిశాలో డీజిలు పెట్రోలునే దాటిపోయింది. బంకు బోర్డు మీద అంకెలు తారుమారుగా రాశారేమోనని కుర్రాణ్ణి అడిగాను కూడా!

ఇక నా దెబ్బ సంగతి. జీపు అమ్మేశాక పాత మమకారం చావక మళ్లీ డీజిలు కారే కొన్నాను. 2020 తర్వాత వచ్చిన డీజిలు బళ్లకి సైలెన్సరు దారిలో మసి పట్టే ఫిల్టరుంటుంది, మెకానిక్కులు డీపీఎఫ్ అంటారు. పట్టిన మసి లోపలే కాలిపోవాలి. అలా కాలాలంటే బండి బాగా వేడెక్కి, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా మంచి వేగం మీద పోవాలి. నేనెక్కడికి పోయేవాణ్ణి? ఇంటి నుంచి బజారుకి, బజారు నుంచి గుడికి. మీటర్లో ఆ ఫిల్టరు పసుపు దీపం వెలిగితే అదే పోతుందిలే అనుకున్నాను. ఓ ఆదివారం మీ అత్తని ఎక్కించుకుని ఉదయగిరి ఘాట్ ఎక్కుతుంటే బండి లాగడం మానేసింది. ఎంత తొక్కినా ఎద్దుబండే. వెనక బస్సువాడు హారను మీంచి చెయ్యి తియ్యడు. మీ అత్త మాట్లాడలేదు, అదే ఎక్కువ బాధ. ఫిల్టరు శుభ్రం చేయించడానికి పదిహేను వేలు వదిలాయి. మారిస్తే అంతకి ఎన్నో రెట్లట. జీపు రోజుకి రెండు వందల కిలోమీటర్లు తిరిగింది గనకే నాకు అన్నం పెట్టింది. నీది ఎనిమిది కిలోమీటర్ల బడి, ఇంజను వేడెక్కేలోగా గంట కొడతారు.

డీజిలు బండికి పదేళ్లే ఆయుష్షని ఎవరో నిన్ను భయపెట్టారట. అది ఢిల్లీ చుట్టుపక్కల గొడవ. ఇక్కడ రెండింటికీ 15 ఏళ్లకే కాగితాలు మళ్లీ చేయించుకోవాలి.

నా మాటా గుడ్డిగా వినకు. మీ నాన్న పాత కారు ఉందిగా, ఈ రెండు నెలలు దాని మీటరు రాయి. ట్యాంకు నిండా కొట్టించి అంకె రాసుకో. మళ్లీ నిండా కొట్టించినప్పుడు తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించు, అదే అసలు మైలేజీ. ఒకే బంకు, వీలైతే ఒకే పంపు. తిరుగుడు నెలకి రెండున్నర వేల కిలోమీటర్లు తేలిందా, డీజిలే కొను, వడ్డీతో సహా మూడేళ్లలో వచ్చేస్తుంది, నేనే వచ్చి కొబ్బరికాయ కొడతాను. వెయ్యి లోపలైతే పెట్రోలుది తీసుకో, మావగారికి నేను చెప్పుకుంటాను.

షోరూముకి వెళ్లేటప్పుడు అమ్మని తీసుకెళ్లు. ఆ మోకాళ్లతో ముందు సీటు ఎక్కి దిగగలదో లేదో అక్కడే చూసుకో.

మీ మావయ్య