డిఫాల్ట్ కింద కొట్టేసిన అప్పీలు: ముందు రోజులు లెక్కపెట్టుకోండి

అక్కా, జమ్మలమడుగు నుంచి మీరు అడిగింది ఇదీ: అమ్మ వేసిన భాగపరిష్కారం అప్పీలు కడప జిల్లా కోర్టులో ఉంది, వాయిదా రోజు లాయరూ పోలేదు, అమ్మా పోలేదు, కోర్టు కొట్టేసింది. 18 రోజులైంది. తెలిసినాయన ఒకరు హైకోర్టులో సెకండ్ అప్పీలు (మొదటి అప్పీలులో వచ్చిన డిక్రీ మీద వేసేది) వేయమంటున్నారు, వేయొచ్చునా అని.

వద్దక్కా, అది నిలబడదు. గైర్హాజరు వల్ల (దాన్నే డిఫాల్ట్ అంటారు) కొట్టేసిన ఉత్తర్వు డిక్రీ (హక్కులు తేల్చే తీర్పు) కాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 2వ సెక్షన్‌లోనే రాసి ఉంది. డిక్రీ లేనిదే సెకండ్ అప్పీలు ఎక్కడిది? మీరు పోవాల్సింది కొట్టేసిన ఆ కోర్టుకే. అదే కోడ్‌లోని ఆర్డర్ 41 రూల్ 19 కింద, అప్పీలును మళ్లీ ఫైలు మీదికి తీసుకోమని పిటిషన్ వేయాల. గుమాస్తాలు దాన్ని రెస్టొరేషన్ పిటిషన్ అంటారు. గడువు కొట్టేసిన తేదీ నుంచి 30 రోజులు, అంటే మీ చేతిలో ఇంకా 12 రోజులు ఉన్నాయి. మేము ఆ గడువు పోగొట్టుకున్నోళ్లం, అందుకే ఇంత తొందర పెడుతున్నా.

మాది పత్తికొండ పక్క పల్లె. బండి రస్తాకు అడ్డంగా మా నాయన కంచె వేసినాడని పక్కచేను ఆయన దావా వేసి, కంచె తీసేయాలని డిక్రీ తెచ్చుకున్నాడు. నాయన కర్నూలు జిల్లా కోర్టులో అప్పీలు వేసి స్టే తెచ్చినాడు. రెండేండ్ల తర్వాత ఆ అప్పీలును అడిషనల్ జిల్లా కోర్టుకు మేడోవర్ చేసినారు, అంటే విచారణకు అప్పజెప్పినారు. మా లాయరు డైరీలో మాత్రం పాత కోర్టు వాయిదానే ఉండిపోయింది. కొత్త కోర్టులో మూడుసార్లు పేరు పిలిస్తే పలికే మనిషి లేడు, అప్పీలు కొట్టేసినారు. ఆ పొద్దు నాయన పెద్దాసుపత్రిలో ఉన్నాడు. మాకు సంగతి తెలిసింది 52వ రోజున, కంచె తీయించమని అవతలోళ్లు వేసిన ఈపీలో (డిక్రీని అమలు చేయించే పిటిషన్‌లో) నోటీసు ఇంటికొచ్చినప్పుడు.

తెలిసిన రోజు నుంచి గదా 30 రోజులు అని మేము ధైర్యంగా ఉన్నాము. అది తప్పు. లిమిటేషన్ చట్టం 122వ ఆర్టికల్ ప్రకారం లెక్క కొట్టేసిన తేదీ నుంచే. మేము పిటిషన్ వేసింది 61వ రోజున. ఆ 31 రోజుల ఆలస్యాన్ని మన్నించమని 5వ సెక్షన్ కింద ఇంకో పిటిషన్ వేయాల్సి వచ్చింది. ముందు దాని మీద కౌంటరు (అవతలోళ్ల రాతపూర్వక జవాబు), వాదన, ఉత్తర్వు. ఆ తర్వాతే అసలుది. మీరు 12 రోజుల్లో వేస్తే ఈ పని మొత్తం తప్పుతుంది. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోండి గానీ, అది వచ్చేదాకా ఆగొద్దు.

అఫిడవిట్‌లో ఏం రాయాలనేది ఇంకా ముఖ్యం. నేను మొదట నాలుగు పేజీలు రాసుకుపోయినా, రస్తా ఎప్పటిదీ, పెద్దమనుషులు ఏమన్నారూ అని. కొత్త లాయరమ్మ పెన్ను తీసి అంతా అడ్డంగా కొట్టేసింది. "ఆ రోజు ఎందుకు రాలేదో ఒక్కటే చెప్పు, దానికి కాగితం చూపించు" అనింది. ఈ దశలో కోర్టు చూసేది అదొక్కటే. రాలేకపోవడానికి తగిన కారణం రుజువైతే అప్పీలును తిరిగి తీసుకోవాల్సిందే అని రూల్ చెబుతుంది, ఖర్చులు వేయడం వేయకపోవడం జడ్జిగారి ఇష్టం.

మేము ఆసుపత్రి డిశ్చార్జి కాగితం పెట్టినాము. అవతలి లాయరు కౌంటరులో దాన్నే పట్టుకున్నాడు: డిశ్చార్జి తేదీ వాయిదాకు మూడు రోజుల ముందరిది, మరి ఆ రోజు ఎందుకు రాలేదు? ఆ రాత్రి ఇంట్లో బీరువా, ట్రంకుపెట్టె అన్నీ వెతికినాము. అమ్మకు నాయన తెల్లచొక్కా జేబులో నాలుగు మడతల ఓపీ చీటీ దొరికింది. చొక్కాతో పాటు ఒక ఉతుకు పడింది, డాక్టరు రాత చెదిరిపోయింది, కానీ మూల మీద ఊదారంగు తేదీ ముద్ర చెక్కుచెదరలేదు. సరిగ్గా వాయిదా రోజే, మళ్లీ చూపించుకోవడానికి పోయినాడు. ఆ చీటీ దాఖలు చేసినాక అవతలోళ్లు ఎక్కువ వాదించలేదు. కాబట్టి అమ్మ ఆ పొద్దు ఎక్కడుందో తేల్చండి. మందుల బిల్లో, బస్సు టికెట్టో, ఏదున్నా పారేయొద్దు.

లాయరు తప్పుకు కక్షిదారు నష్టపోకూడదని 1981లో రఫీక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మీకు బలమే, కానీ ఆ మాట ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు. పాత లాయరును తిడుతూ అఫిడవిట్ రాయడం అస్సలు వద్దు. మా పాత లాయరు వాయిదా తప్పుగా రాసుకున్నానని తానే అఫిడవిట్ ఇచ్చినాడు, అది మాకు చాలా అక్కరకొచ్చింది. లాయరును మార్చుకుంటే వకాలత్ (లాయరుకు మీరిచ్చే అధికార పత్రం) మీద పాతాయన నో అబ్జెక్షన్ తీసుకోండి. ఫీజు భారమైతే, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

అప్పీలుతో పాటు దాంట్లో వచ్చిన స్టే కూడా పోయినట్టే. మీ కేసులో కింది కోర్టులో ఫైనల్ డిక్రీ పని (భాగాలు విడగొట్టి ఇచ్చే చివరి ఘట్టం) నడుస్తా ఉంటే, ఈ పిటిషన్‌తో పాటే దాన్ని ఆపమని కూడా అడగమనండి. మా కంచె ఆ ఒక్క పిటిషన్ వల్లే నిలబడింది.

మాకు 1,000 రూపాయలు ఖర్చులు వేసి, వారంలో కట్టమన్నారు. షరతు తప్పితే పిటిషన్ పోతుంది, అందుకే మరుసటి రోజే కట్టి రసీదును మెమో (కోర్టుకిచ్చే చిన్న కాగితం)తో దాఖలు చేసినాము. అప్పీలు పాత నంబరు మీదనే మళ్లీ మొదలైంది. ఒకవేళ మీ పిటిషన్‌ను కోర్టు కాదంటే, అప్పుడు ఆర్డర్ 43 కింద హైకోర్టుకు పోవచ్చు. ఇప్పుడైతే అమ్మ చేత వకాలత్ మీద, అఫిడవిట్ మీద సంతకాలు ఈ వారంలోనే పెట్టించండి.