బెలిచిక్ వచ్చాడు, మరి గెలుపు ఎప్పుడొస్తుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

నార్త్ కరోలినాలో కేరీ, మోరిస్‌విల్, డర్హమ్ చుట్టుపక్కల ఉండే మన పాఠకుల నుంచి ఈమధ్య వస్తున్న ప్రశ్నలు చాలావరకు ఒక్క మనిషి గురించే. చాపెల్ హిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా ఫుట్‌బాల్ టీమ్‌కు హెడ్ కోచ్‌గా వచ్చిన బిల్ బెలిచిక్ గురించి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చేశాం. ఇండియాలో చదివేవాళ్లకు ఒక్క మాట, ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్.

ప్రశ్న: నేను చాలా ఏళ్లుగా మన యూనివర్సిటీ టీమ్ టార్ హీల్స్ అభిమానిని. 2024 డిసెంబర్‌లో బెలిచిక్ వస్తున్నాడని తెలిసిన రోజు మా ఇంట్లో పండగ. ఏడాది తిరిగేసరికి 4 గెలుపులు, 8 ఓటములు. ఆయన్ని వెనకేసుకు రావాలనీ ఉంది, నాలుగు తిట్టాలనీ ఉంది. ఎటు ఉండాలో తెలియడం లేదు. – కేరీ

మీరొక్కరే కాదండీ, ఇక్కడ ఎవరిని కదిపినా ఇదే మాట. రెండూ ఒకేసారి అనిపించడంలో తప్పేమీ లేదు, ఎందుకంటే రెండింటికీ గట్టి కారణాలే ఉన్నాయి.

ముందు ఆ సంతోషం సంగతి. ఈ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్‌లో 6 సార్లు జాతీయ చాంపియన్, మైకేల్ జోర్డాన్ చదివిన చోటు. ఫుట్‌బాల్ మాత్రం ఎప్పుడూ పెద్దకొడుకు నీడలో పెరిగిన చిన్నకొడుకులాగే ఉండిపోయింది. ఈ టీమ్ ఆడే కాలేజీల లీగ్ ఏసీసీ టైటిల్ చివరిసారి గెలిచింది 1980లో. ఆ టీమ్‌లో ఆడిన లారెన్స్ టేలర్‌కు తర్వాత ప్రొఫెషనల్ టీమ్ న్యూయార్క్ జెయింట్స్‌లో డిఫెన్స్ నేర్పినవాళ్లలో ఈ బెలిచిక్ ఒకరు. ఆయన తండ్రి కూడా 1950లలో ఇక్కడే అసిస్టెంట్ కోచ్‌గా చేశారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌కు 6 సూపర్ బౌల్స్, అంటే ఆ లీగ్ ఫైనల్స్, గెలిపించిన మనిషి, అక్కడ మొత్తం 333 మ్యాచ్‌లు గెలిచిన మనిషి, మన ఊరికొచ్చి పనిచేస్తానంటే పొంగిపోని అభిమాని ఎవరు? బెలిచిక్ వేసుకునే చేతులు కత్తిరించిన బూడిద రంగు హుడీ మొదటి మ్యాచ్ నాటికి కుర్రాళ్ల ఒంటి మీదకొచ్చేసింది.

ఇక కోపం. అది 2025 సెప్టెంబర్ 1న, ఆ మొదటి మ్యాచ్‌లోనే మొదలైంది. టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ (టీసీయూ) మీద ఆట, కీనన్ స్టేడియం కిక్కిరిసిపోయింది, జోర్డాన్ వచ్చాడు, లారెన్స్ టేలర్ వచ్చాడు. బంతి చేతికొచ్చిన మొదటి విడతలోనే మనవాళ్లు బంతిని అవతలి గీత దాటించి టచ్‌డౌన్ కొట్టారు, అరుపులతో చెవులు చిల్లులు పడ్డాయి. ఆ తర్వాత టీసీయూ వరసగా 41 పాయింట్లు కొట్టింది. రెండో సగం మొదలైన తొలి ప్లేలోనే 75 గజాల పరుగు, అక్కడినుంచి జనం లేచి మెట్ల వైపు నడవడం మొదలుపెట్టారు. చివరికి స్కోరు 48-14. హెడ్ కోచ్‌గా బెలిచిక్ అన్నేళ్ల కెరీర్‌లో ఒక్క మ్యాచ్‌లో 48 పాయింట్లు ఇచ్చుకోవడం అదే మొదటిసారి. అక్టోబర్‌లో క్లెమ్సన్ వచ్చినప్పుడూ అంతే, వాళ్ల మొదటి ప్లేనే 75 గజాల టచ్‌డౌన్, మొదటి క్వార్టర్ అయ్యేసరికి 28-3.

కాబట్టి ఎటు ఉండాలంటే, నా ఉద్దేశం ఇది. ఓడిపోయినందుకు తిట్టకండి. సిద్ధం కాకుండా మైదానంలోకి వచ్చినట్టు కనిపించిన ఆటలకు మాత్రం గట్టిగా అడగండి. టీసీయూ, క్లెమ్సన్ మ్యాచ్‌లు ఆ లెక్కలోకి వస్తాయి. కాలిఫోర్నియాలో బర్క్‌లీ యూనివర్సిటీ టీమ్ కాల్ మీద 21-18తో ఓడిన మ్యాచ్ ఆ లెక్కలోకి రాదు, ఆఖర్లో మన రిసీవర్ గోల్ లైన్ దాటబోతుండగా బంతి చేజారింది. వర్జీనియా మీద ఓవర్‌టైమ్‌లో 17-16తో ఓడిందీ అంతే. టచ్‌డౌన్ తర్వాత ఒక్క పాయింట్ కిక్‌తో సమం చేసుకోకుండా, గెలుద్దామనే రెండు పాయింట్లకు వెళ్లారు, గీతకు అంగుళాల దూరంలో ఆపేశారు. నాకు ఆ రెండు మ్యాచ్‌ల తర్వాత బాధ వేసిందే కానీ కోపం రాలేదు. అక్టోబర్ రెండో సగం నుంచి డిఫెన్స్ నిజంగానే మెరుగుపడింది, సిరక్యూస్, స్టాన్‌ఫర్డ్ మీద గెలుపులు దానివల్లే వచ్చాయి.

నన్ను నిజంగా కుంగదీసింది నవంబర్. వేక్ ఫారెస్ట్, డ్యూక్, ఎన్‌సీ స్టేట్, ముగ్గురూ మన రాష్ట్రం వాళ్లే, ముగ్గురి చేతిలోనూ వరసగా ఓడిపోయాం. అందులో డ్యూక్‌తో మ్యాచ్ అయితే మన స్టేడియంలోనే, ఆఖరి నిమిషాల్లో వాళ్లు ఫీల్డ్ గోల్ కోసం బంతిని తన్నబోతున్నట్టు నటించి, కిక్కర్ చేతికి బంతి ఇచ్చి పరిగెత్తించారు. ఇలా కిక్‌లు కొట్టే, ఆపే స్పెషల్ టీమ్స్ విషయంలో బెలిచిక్ అంత పట్టుదల ఉన్న కోచ్ ఇంకొకరు లేరని పేరు. ఆయన టీమ్ మీదే ఆ ఎత్తు పారింది. దీనికి ఆయన గెలిచిన సూపర్ బౌల్ ఉంగరాల సంఖ్య చెబితే జవాబు కాదు.

ప్రశ్న: 6 సూపర్ బౌల్స్ గెలిచినాయనకు కాలేజీ పిల్లల టీమ్‌ను నడపడం ఓ లెక్కా? ఎక్కడ తేడా కొట్టింది? – హైదరాబాద్, కూకట్‌పల్లి

తేడా చాలా ఉంది బ్రదర్. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాడికి కాంట్రాక్టు ఉంటుంది, కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఉంటుంది, టీమ్‌కు 53 మంది. పొద్దున్నుంచి రాత్రిదాకా అదే వాళ్ల ఉద్యోగం. కాలేజీలో ఇప్పుడు 105 మంది దాకా ఉండొచ్చు. వాళ్లకు క్లాసులుంటాయి, పరీక్షలుంటాయి, ప్రాక్టీసుకు ఇచ్చే గంటలకు పరిమితి ఉంటుంది. పైగా సీజన్ అవగానే నచ్చకపోతే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు వేసుకుని ఇంకో కాలేజీకి వెళ్లిపోవచ్చు. 17 ఏళ్ల కుర్రాడి ఇంటికెళ్లి, సోఫాలో కూర్చుని, వాళ్లమ్మను ఒప్పించాలి. ఈ పని ఆయన జీవితంలో ఎప్పుడూ చెయ్యలేదు.

వచ్చిన కొత్తలో టీమ్ జనరల్ మేనేజర్ మైకేల్ లొంబార్డీ, తమది ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 టీమ్‌ల తర్వాత 33వ టీమ్ అన్నట్టు మాట్లాడారు. వినడానికి బాగానే ఉంది. కానీ మొదటి ఏడాది జట్టులో దాదాపు 70 మంది కొత్తవాళ్లు, సగం మందికి పక్కవాడి పేరు సరిగ్గా తెలిసేలోపే సీజన్ మొదలైపోయింది. ప్రొఫెషనల్ స్థాయి వ్యూహం పుస్తకంలో ఎంత గొప్పగా ఉన్నా, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడాల్సిన ఐదుగురు కలిసి ఆడటం అలవాటు పడకపోతే ఆ పుస్తకం తెరిచే టైమే దొరకదు. కిందటేడు బంతితో దాడి చేసే మన అఫెన్స్ చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయి చాపెల్ హిల్‌లో చదువుతోందండీ. కోచ్ జీతం ఏడాదికి కోటి డాలర్లు అని చెబితే నేను నమ్మలేదు. మేం ఫీజుల కోసం లోన్ తీసుకున్నాం. కాలేజీలో ఆటలు నేర్పే ఆయనకు అంత ఎందుకు? – విజయవాడ

అమ్మా, అంకె నిజమే. ఐదేళ్ల ఒప్పందం, ఏడాదికి కోటి డాలర్లు, అంటే మన లెక్కలో 85 కోట్ల రూపాయల పైమాటే, అందులో మొదటి మూడేళ్ల డబ్బుకు గ్యారంటీ ఉంది. ఇది ఒక్క చాపెల్ హిల్ వింత కాదు, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతాల్లో అన్నిటికంటే పెద్దది కాలేజీ కోచ్‌దే. గవర్నర్‌కూ, ఛాన్సలర్‌కూ కూడా అంత ఉండదు. ఈ డబ్బులో పెద్ద భాగం టీవీ హక్కులు, టికెట్లు, పూర్వ విద్యార్థుల విరాళాల నుంచి వస్తుంది. అలాగని విద్యార్థులకు సంబంధమే లేదనీ అనలేం, అథ్లెటిక్స్ ఫీజు అని వాళ్లూ కొంత కడతారు.

2025 జూలై నుంచి ఇంకో మార్పు వచ్చింది. కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి అన్ని ఆటలూ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. అంటే ఆడే పిల్లలకు కూడా ఇప్పుడు వాటా వస్తోంది, ఇది నాకు నచ్చిన మార్పు. కోచ్ జీతం మాత్రం ఎక్కువే అని నా అభిప్రాయం, మీ బాధలో న్యాయం ఉంది. లోన్ కట్టే తల్లిదండ్రులు ఈ మాట అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

ప్రశ్న: 73 ఏళ్ల పాత కోచ్ మాక్ బ్రౌన్‌ను పంపించేసి 72 ఏళ్లాయన్ని తెచ్చారు. ఇందులో అర్థమేమిటి? – డర్హమ్

వయసు లెక్కన చూస్తే అర్థమేం లేదు. మాక్ బ్రౌన్ ఈ యూనివర్సిటీకి రెండు దఫాలుగా పనిచేశారు, ఇక్కడ అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు గెలిపించిన కోచ్ ఆయనే. 2024లో జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ టీమ్ మన గడ్డ మీద 70 పాయింట్లు కొట్టి వెళ్లినప్పుడే చాలామందికి నమ్మకం పోయింది, మార్పు అవసరమే. కానీ తీరు బాగాలేదు. నవంబర్ ఆఖర్లో ఒకరోజు ఆయన వచ్చే ఏడాదీ ఉంటానన్నారు, మర్నాడే తీసేసినట్టు ప్రకటన వచ్చింది. అన్నేళ్లు చేసిన మనిషిని ఇంకాస్త మర్యాదగా సాగనంపాల్సింది. ఆ తర్వాత ట్రస్టీలు పెద్ద పేరు కోసం పరుగెత్తారు. కాలేజీ కోచ్‌కు ఏం తెలిసుండాలి అన్న ప్రశ్న ముందు వేసుకుని, ఆ తర్వాత మనిషిని వెతికారని నాకైతే అనిపించలేదు. బెలిచిక్ మీద నాకున్న అసంతృప్తిలో సగం నిజానికి వాళ్ల మీద.

ప్రశ్న: ఇండియానా యూనివర్సిటీని చూడండి, కర్ట్ సిగ్నెట్టీ వచ్చి రెండేళ్లలో చాంపియన్ చేశాడు. మనం పేరున్న ఆయన బదులు అలాంటి ఆయన్ని తెచ్చుకోవాల్సింది కాదా? – మోరిస్‌విల్

సిగ్నెట్టీ కథ వింటే నాకూ కుళ్లుగానే ఉంటుంది. దశాబ్దాల తరబడి ఓటములకు మారుపేరైన టీమ్, 2025 సీజన్‌లో ఆడిన 16కు 16 గెలిచింది. ఆయన ఇండియానాకు వచ్చింది ఆ జేమ్స్ మాడిసన్ నుంచే. తనతోపాటు అక్కడి ఆటగాళ్లను, అసిస్టెంట్లను తెచ్చుకున్నాడు, అంటే ఆయన పద్ధతి తెలిసినవాళ్లు మొదటిరోజు నుంచే టీమ్‌లో ఉన్నారు. బెలిచిక్‌కు ఆ వెసులుబాటు లేదు.

ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి కాలేజీకి వచ్చినవాళ్ల చరిత్ర రెండు రకాలుగానూ ఉంది. పీట్ కారల్ 2001లో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ)కి వచ్చినప్పుడు అభిమానులు గోల చేశారు, మొదటి ఏడాది 6 గెలుపులు, 6 ఓటములు. తర్వాత ఏళ్లలో ఆ టీమ్ దేశాన్నే ఏలింది. బెలిచిక్ దగ్గరే పనిచేసిన చార్లీ వైస్ నోటర్ డామ్‌కు వెళ్లి మొదట మురిపించి, ఐదేళ్లకు ఇంటికెళ్లాడు. అందుకే మొదటి ఏడాది చూసి తీర్పు చెప్పేయొద్దంటున్నాను. కారల్‌కు అప్పుడు 50 ఏళ్లు కూడా లేవు, బెలిచిక్ 2026 ఏప్రిల్‌కు 74. ఓపిక పట్టమని నేను మీకు చెప్పగలను కానీ పదేళ్లు పట్టమని చెప్పలేను.

ప్రశ్న: ఆయన గర్ల్‌ఫ్రెండ్ గురించి ఒక్క ముక్క కూడా రాయరేం? – చార్లెట్

రాయం. ఆయన ఇంటి సంగతి ఆయనిది. శనివారం డిఫెన్స్ ఎలా ఆడిందో అదే మనకు కావాల్సింది.

ప్రశ్న: మేం ఎన్‌సీ స్టేట్ వాళ్లం. 42-19. మీ వాళ్లకు గుర్తుందా? – రాలీ

బాగా గుర్తుంది. మీవాళ్లు చక్కగా ఆడారు, అభినందనలు. మళ్లీ నవంబర్ వస్తుందిగా.

ప్రశ్న: కొత్త సీజన్‌కు అఫెన్స్ కోచ్‌ను మార్చారు కదా. ఈసారైనా ఆశ పెట్టుకోవచ్చా? మావాడు డబ్లిన్ మ్యాచ్ టీవీలో చూడాలని ఇప్పటినుంచే రోజులు లెక్కపెడుతున్నాడు. – ఏపెక్స్

ఫ్రెడ్డీ కిచెన్స్‌ను పంపించి బాబీ పెట్రినోను తెచ్చారు. ఇది కూడా తీపీ చేదూ కలిసిన నిర్ణయమే. పాయింట్లు కొట్టించడంలో పెట్రినోకు తిరుగులేదు, లూయివిల్‌లో లమార్ జాక్సన్, ఏటా బెస్ట్ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచింది ఈయన దగ్గరే. అదే పెట్రినోను 2012లో ఆర్కాన్సా యూనివర్సిటీ ఉద్యోగంలోంచి తీసేసింది, తన కింద పనిచేసే ఆవిడతో ఉన్న సంబంధాన్ని పై అధికారుల దగ్గర దాచిపెట్టినందుకు. నాకు ఆ విషయం ఇప్పటికీ మింగుడుపడదు. అయినా ఆట వరకు చూస్తే కిందటేటి అఫెన్స్‌కు ఇది పెద్ద మార్పే, ఆశ పెట్టుకోవచ్చు.

మ్యాచ్ ఆగస్టు 29, శనివారం. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో, మళ్లీ ఆ టీసీయూ మీదే. మీవాడితో కూర్చుని చూసేటప్పుడు స్కోరు ఒక్కటే చూడకండి. మొదటి క్వార్టర్‌లో మనవాళ్లు బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టే ట్యాకిల్స్ ఎన్ని వదిలేస్తున్నారో చూడండి, క్వార్టర్‌బ్యాక్‌కు బంతి విసరడానికి మూడు సెకన్లయినా దొరుకుతోందా లేదా చూడండి, హాఫ్‌టైమ్ తర్వాత మొదటి ప్లేను అస్సలు మిస్సవ్వకండి. కిందటేడు మన నెత్తిన పిడుగు పడింది అక్కడే. ఈ మూడూ బాగుంటే ఓడినా సరే, ఆ సాయంత్రం నాకు రాయండి, నేను ఆయన పక్షానే మాట్లాడతాను. బాగోలేకపోతే అదీ ఇక్కడే రాస్తాను, పేరు పెట్టి మరీ.