పర్వతాల మీది చౌడు

ప్రశ్న: సముద్రం పక్కన గంజాం జిల్లాలో చౌడు నేలలు చూశాం. లద్దాఖ్‌లో పనిచేస్తున్న మా అబ్బాయి, 4,500 మీటర్ల ఎత్తున ఉన్న సో కార్ సరస్సు ఒడ్డున పేరుకున్న ఉప్పును ఫొటో తీసి పంపాడు. మంచు కరిగి పారే చోట ఉప్పు ఎలా నిలుస్తుంది? దాన్ని ఎలా కొలుస్తారు? మొక్కలేమవుతాయి?
– ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: ఎత్తు కన్నా, వచ్చిన నీరు బయటికి పోతోందా, అక్కడే ఆవిరైపోతోందా అన్నదే ఇందులో ముఖ్యం. మీ పొరుగు జిల్లా కోరాపుట్‌లో 1,672 మీటర్ల దేవమాలి కొండ చుట్టుపక్కల, ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా కురిసే వాన లవణాలను వాగుల్లోకి కడిగేస్తుంది కనుక, అక్కడి ఎర్రనేలల్లో ఆమ్లగుణమే ఎక్కువ. లద్దాఖ్‌లోని లేహ్‌లో ఏడాది మొత్తానికి పడేది దాదాపు 100 మిల్లీమీటర్లే. పైగా సో కార్ నుంచి బయటికి పారే ఏరు లేదు. రాళ్ల లవణాలను కరిగించుకుని చేరిన నీరు ఎండకూ పొడిగాలికీ ఆవిరై ఉప్పును వదిలేస్తుంది. చాంగ్‌పా పశుపోషకులు ఒకప్పుడు ఆ ఉప్పును సేకరించి అమ్మేవారు. అలాగని ఎత్తయిన పచ్చికబయళ్లన్నీ చౌడు నేలలు కావు. వానా మంచూ బాగా పడే చోట్ల ఉప్పు నిలవదు.

కొలతలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన 20 గ్రాముల మట్టిని 100 మిల్లీలీటర్ల స్వేదనజలంలో బాగా కలిపి, తేరిన నీటిలో ఇ.సి. మీటరు ముంచి విద్యుత్ వాహకతను, అంటే ఆ నీరు విద్యుత్తును ఎంత బాగా ప్రవహించనిస్తుందో చూస్తారు; ఉప్పు ఎక్కువైతే ఈ అంకె పెరుగుతుంది. అయితే చౌడుకు హద్దుగా చెప్పే, మీటరుకు 4 డెసీసైమన్ల (వాహకత కొలమానం) అంకె, మట్టిని ముద్దగా తడిపి పిండిన నీటికి సంబంధించినది. అయిదింతల నీటిలో కలిపినప్పుడు అంకె ఎంతో తక్కువగా వస్తుంది కనుక, ఏ పద్ధతిలో తీశారో రాయని ఫలితానికి విలువ లేదు. చలి ప్రదేశంలో మరో చిక్కుంది: వాహకత ఒక్కో డిగ్రీకి సుమారు 2 శాతం మారుతుంది. 5 డిగ్రీల నీటిలో చూసిన అంకెను 25 డిగ్రీలకు సవరించకపోతే, ఉప్పు ఉన్నదానికన్నా మూడో వంతుకు మించి తక్కువగా కనిపిస్తుంది. పైపొరను, లోతు మట్టిని విడివిడిగా తీయడం, మంచు కరిగిన వెంటనే ఒకసారి, వేసవి చివర మరోసారి చూడడం కూడా తప్పనిసరి.

ఇక మొక్కల సంగతి. నేల తడిగానే ఉన్నా, లవణాల వల్ల వేర్లు ఆ నీటిని లాగలేవు. విత్తనాలు సరిగా మొలకెత్తవు. ఎదుగుదలకు కొన్ని వారాలే దొరికే ఆ చలిసీమలో పోయిన అదనును మళ్లీ అందుకోవడం కష్టం. అందుకే ఉప్పు తేలిన ఒడ్డున సుయేడా వంటి, ఉప్పును ఓర్చుకునే కొద్ది జాతులే మిగులుతాయి, మంచినీటి ఊటల దగ్గర మాత్రం పచ్చిక దట్టంగా పెరుగుతుంది. ఊటలు ఎండితే ముందుగా దెబ్బతినేది ఆ పచ్చికా, దాన్ని నమ్ముకున్న మందలూ, అక్కడి తడినేలల్లో గూడు కట్టే నల్లమెడ కొంగలూ.

మీ పొలం మట్టినీ పరీక్ష చేయించదలిస్తే, లవణ సూచికతో (ఇ.సి.) పాటు, ఆమ్లగుణాన్ని తెలిపే ఉదజని సూచికనూ (పీహెచ్) తప్పకుండా అడగండి. మీ వైపు ఎర్రనేలల్లో చౌడు కన్నా ఆమ్లగుణం ఉండే అవకాశమే ఎక్కువ.